మందార రసం ఆకుపచ్చగా మారింది, ఫినాప్తలీన్ మారలేదు. మా బోరు నీళ్లు క్షారమేనా?

మందారచెట్టు (మర్రిగూడ దగ్గర)

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ బైపీసీతో చదువు ఆపేసిన దాన్ని. ఇప్పుడు ఊళ్లో కుట్టు మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతున్నాను. మా వాడు సర్కారు బడిలో పదో తరగతి. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠం అయ్యాక వాళ్ల సైన్స్ సారు ఒక పని చెప్పారు. ఇంట్లో దొరికే వాటితో సూచిక, అంటే ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో ఇంకో రంగు చూపించేది, తయారు చేసి, కొన్ని ద్రవాల్లో వేసి, ఏ రంగు వచ్చిందో రాసుకుని రమ్మన్నారు.

ఆదివారం పొద్దున మా పెరట్లో మందార చెట్టుకు పూసిన ఎర్ర పువ్వులు ఎనిమిది కోశాం. రేకలు చింపి గిన్నెలో వేసి, ఫిల్టర్ నీళ్ల క్యాన్ నుంచి తీసుకున్న నీళ్లు మరిగించి పోశాం. అరగంటకు ముదురు ఊదా రంగు రసం దిగింది. స్టీలు గ్లాసుల్లో రంగు సరిగ్గా కనబడదని పెళ్లిలో మిగిలిన తెల్ల ప్లాస్టిక్ గ్లాసులు వరసగా పెట్టాం. ఒక్కో దాంట్లో చెంచాడు రసం.

నిమ్మరసంలో వేస్తే మంచి గులాబీ ఎరుపు. చింతపండు పులుసులోనూ అదే. పుంటికూర ఉడికించిన నీళ్లలోనూ ఎర్రబడింది. బట్టల సబ్బు నీళ్లలో ఆకుపచ్చ. తమలపాకుకు రాసే సున్నం కలిపిన తేటలో ముందు ఆకుపచ్చగా వచ్చి, మేము చూస్తుండగానే పసుపు రంగుకు తిరిగింది. క్యాన్ నీళ్లలో రంగు మారలేదు. నల్లా నీళ్లలో, అంటే కృష్ణా నీళ్లలో, కొంచెం నీలం కలిసిన ఊదా వచ్చింది.

ఇక మా ఇంటి బోరు నీళ్లు. అందులో రసం వేయగానే మురికి ఆకుపచ్చ. సబ్బు నీళ్లంత ముదురు కాదు కానీ, పక్కన క్యాన్ నీళ్ల గ్లాసు పెడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది. మా వాడు సంతోషంగా "బోరు నీళ్లు: క్షారం" అని రాసుకున్నాడు.

తర్వాత పసుపు కాగితంతో చూశాం. సున్నంలో, సబ్బులో కాగితం ఎర్రగా అయింది. బోరు నీళ్లలో పసుపుగానే ఉంది. సోమవారం సీసాలో బోరు నీళ్లు బడికి పట్టుకుపోతే సారు రెండు చుక్కలు ఫినాప్తలీన్ అనే ల్యాబ్ సూచిక వేశారట. ఏ రంగూ రాలేదట. క్షారమైతే గులాబీ రంగు రావాలి కదా అని పిల్లలందరూ అన్నారట. మా వాడు ముందు రాసింది కొట్టేసి "తటస్థం" అని రాసుకుని వచ్చాడు. కానీ ఆ ఆకుపచ్చ రంగును నా కళ్లతో చూశాను. కొట్టేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మా అత్తమ్మ ఈ నీళ్లు తాగే పెరిగింది. ఆమె నడుము వంగిపోయి చాలా ఏళ్లయింది, మెడ పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరగాలి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే ఇట్లా అవుతుందని మా వైపు అంటారు. ఇప్పుడు తాగడానికి బోరు నీళ్లు ముట్టం. కానీ నల్లా రాని పూట వంటకు బోరు నీళ్లే వాడతాం. అందుకే రెండు సంగతులు తెలుసుకోవాలని ఉంది. ఒకటి, మందారం చెప్పింది నిజమా, ఫినాప్తలీన్ చెప్పింది నిజమా? రెండు, ఆ ఆకుపచ్చ రంగు ఫ్లోరైడ్ వల్ల వచ్చిందా?

పాలమూరు ఆకాశం

అక్కా, క్షారమైనా భయపడాల్సిన పని లేదనుకుంటా. మా దగ్గర ఒక దుకాణంలో ఆల్కలైన్ వాటర్ అని మామూలు క్యాన్ కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, ఒంటికి మంచిదని. మా ఇంట్లో టీడీఎస్ మీటరు ఉంది, నీళ్లలో ముంచితే అంకె వచ్చేస్తుంది. మీరు కూడా ఒకటి తెప్పించుకుంటే ఈ పువ్వుల తిప్పలు ఉండవు, ఫ్లోరైడ్ కూడా తెలిసిపోతుంది కదా?

ల్యాబ్ తాత (నల్లగొండ)

అమ్మా, మీ వాడు కొట్టేసిన మాటను మళ్లీ రాయించండి. రెండు పరిశీలనలూ పుస్తకంలో ఉండాలి. రెండూ నిజమే. తప్పు రంగుల్లో లేదు, "తటస్థం" అనే మాటలో ఉంది.

నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 31 ఏళ్లు పనిచేశాను. అటెండరుగా చేరి ల్యాబ్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఈ ప్రశ్న ఏటా వచ్చేది, ఎంత బాగా చదివే పిల్లలైనా ఇక్కడ తడబడేవారు. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

సూచిక అంటే ఇది ఆమ్లం, ఇది క్షారం అని తీర్పు చెప్పేది అనుకుంటాం. దానికి అంత తెలియదు. చాలా సూచికలు తామే బలహీనమైన ఆమ్లాలు. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువగా ఉంటే సూచిక తన హైడ్రోజన్‌ను అంటిపెట్టుకుని ఒక రంగులో ఉంటుంది. అవి తగ్గితే వదిలేస్తుంది, అప్పుడు దాని అణువు తీరు మారి ఇంకో రంగు కనిపిస్తుంది. ఎక్కడ వదులుతుంది అన్నది ఒక్కో సూచికకు ఒక్కో రకం. ఆమ్ల, క్షారాలను కొలిచే అంకె పీహెచ్. అది 7 అయితే తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. మిథైల్ ఆరెంజ్ అనే సూచిక పీహెచ్ 3.1 దగ్గర ఎరుపు వదలడం మొదలుపెట్టి 4.4కల్లా పసుపు అవుతుంది. బ్రోమోథైమాల్ బ్లూ 6.0కీ 7.6కీ మధ్య పసుపు నుంచి నీలానికి వస్తుంది. ఫినాప్తలీన్ 8.2 దాటే వరకు కదలదు, 10 దగ్గర నిండు గులాబీ.

హైదరాబాద్ నుంచి నల్లగొండ వచ్చే బస్సును తలచుకోండి. చౌటుప్పల్‌లో ఒక మనిషిని, నార్కట్‌పల్లిలో ఒక మనిషిని నిలబెట్టాం. బస్సు చిట్యాలలో ఆగి ఉంది. ఫోన్ చేస్తే చౌటుప్పల్ మనిషి "దాటిపోయింది" అంటాడు, నార్కట్‌పల్లి మనిషి "ఇంకా రాలేదు" అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మాటా కలిపితేనే బస్సు ఎక్కడుందో తెలిసింది. మీ మందారం చౌటుప్పల్ మనిషి, ఫినాప్తలీన్ నార్కట్‌పల్లి మనిషి. మీ బోరు నీళ్లు 7 దాటాయి, 8.2 దాటలేదు. అంటే తేలికపాటి క్షారం. పసుపు రంగు మారడం కూడా సుమారు 7.4 నుంచి 8.6 మధ్యలో మెల్లగా జరుగుతుంది. సగం దారిలో ఉన్న పసుపును కంటితో గుర్తుపట్టడం కష్టం, అందుకే కాగితం మారలేదనిపించింది.

పీహెచ్ అనే కొలత 1909లో వచ్చింది. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ వాళ్ల పరిశోధనశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ అనే ఆయన పెట్టాడు. ఎంజైముల పని మీద ఆమ్లం ప్రభావం చూస్తూ, ప్రతిసారీ సున్నాల వెనక సున్నాలు రాయలేక ఈ దారి కనిపెట్టాడు. ఇందులో ఒక అంకె మారితే పది రెట్ల తేడా. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు, 7 ఉన్న నీళ్లతో పోలిస్తే పదో వంతు. 9 అయితే నూరో వంతు. పిల్లలు దీన్ని స్కేలు మీద సెంటీమీటర్లలా చూస్తారు, కాదని మీ వాడికి చెప్పండి.

ఇంకో సంగతి, నా అనుభవంలోది. ఒకసారి డిస్టిల్డ్ వాటర్ యంత్రం కాలిపోయి వారం రోజులు మాకు బోరు నీళ్లే గతి అయ్యాయి. ఒక అమ్మాయి ఆ నీళ్లే 20 మిల్లీలీటర్లు ఫ్లాస్కులో తీసుకుని ఫినాప్తలీన్ వేసింది. రంగు లేదు. అంటే ఇందులో క్షారం సున్నా అని రాసుకుంది. ఎందుకో మళ్లీ మిథైల్ ఆరెంజ్ వేసి, బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి బాగా పలచటి ఆమ్లం వదలడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, ఐదు మిల్లీలీటర్లు పోయినా పసుపు పసుపుగానే ఉంది. పది దగ్గరికి వచ్చాక గానీ నారింజ రంగుకు తిరగలేదు. "సార్, లేని క్షారం ఇంత ఆమ్లాన్ని ఎట్లా తాగింది?" అని అడిగింది. 31 ఏళ్లలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న అది.

జవాబు బైకార్బనేట్. మన నేల కింద ఉన్నది గ్రానైట్. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని బలహీనమైన ఆమ్లం అవుతుంది. అది ఏళ్ల తరబడి రాతిని కొరుకుతుంది. కొరికే క్రమంలో ఆమ్లం ఖర్చైపోయి నీళ్లలో బైకార్బనేట్ మిగులుతుంది. ఈ బైకార్బనేట్ పీహెచ్‌ను 8 చుట్టుపక్కలే ఉంచుతుంది కాబట్టి ఫినాప్తలీన్‌కు అందదు. కానీ ఆమ్లం పోస్తే మాత్రం మొండిగా పట్టుకుంటుంది. పీహెచ్ ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటుంది అన్నది వేరే ప్రశ్న. రెండో దాన్నే క్షారత అంటాం.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. బోరు నీళ్లు చిన్న గిన్నెలో పావుగంట బాగా మరిగించి, మూత పెట్టి చల్లార్చి, ఫినాప్తలీన్ వేయించండి. మరిగితే బొగ్గుపులుసు వాయువు లేచిపోయి బైకార్బనేట్‌లో కొంత కార్బనేట్ అవుతుంది, పీహెచ్ పైకి ఎక్కుతుంది. ఇంకొకటి, రెండు గ్లాసుల్లో నల్లా నీళ్లు, బోరు నీళ్లు సమానంగా పోసి మందార రసం కలిపి, నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వేస్తూ గులాబీ రంగు నిలిచే దాకా లెక్కపెట్టండి. నల్లా నీళ్లు పట్టి ఒక రాత్రి తెరిచి ఉంచాకే వాడండి, క్లోరిన్ ఉంటే పువ్వు రంగు వెలిసిపోతుంది.

పాలమూరు వారికి: టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో, పీహెచ్ ఎంతో దానికి తెలియదు. ఉప్పు వేసినా అంకె పెరుగుతుంది, వంట సోడా వేసినా పెరుగుతుంది. క్షార జలం ఒంటికి మంచిది అన్న మాట మన ప్రాంతంలో చెప్పవద్దు. పొట్టలో ఉండే ఆమ్లం పీహెచ్ 1 నుంచి 3 దాకా ఉంటుంది, ఈ నీళ్ల క్షారం అక్కడ క్షణం నిలవదు. తాగే నీటికి మన దేశ ప్రమాణం 6.5 నుంచి 8.5, అంతే చాలు. మన బోర్లు ఎప్పటి నుంచో డబ్బులు లేకుండానే క్షార జలం ఇచ్చాయి. ఆ క్షారం వల్ల కాదు గానీ, దానితో పాటు వచ్చిన ఫ్లోరైడ్ వల్ల ఎన్ని నడుములు వంగాయో చూస్తూ పెరిగినవాణ్ని.

ఫ్లోరైడ్ గురించి తీరిగ్గా రాయాలి, రేపు రాస్తాను. ఈలోపు ఒక్కటి గుర్తుంచుకోండమ్మా. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరై పోయేది నీరే కాబట్టి మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది.

మందారచెట్టు (మర్రిగూడ దగ్గర)

సార్, మీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. బస్సు మాట చదివి వినిపిస్తే మా వాడు లేచి వెళ్లి పుస్తకం తెచ్చుకున్నాడు.

మీరు చెప్పినవన్నీ చేశాం. వాళ్ల సారును అడిగితే చిన్న డ్రాపర్ సీసాలో ఫినాప్తలీన్ పోసిచ్చారు. మరిగించి చల్లార్చిన బోరు నీళ్లలో రెండు చుక్కలు వేశాం. లేత గులాబీ రంగు వచ్చింది సార్! తెల్ల గ్లాసు కింద తెల్ల కాగితం పెడితే స్పష్టంగా కనిపించింది. మరిగించని నీళ్లు పక్కనే పెట్టాం, అందులో ఏమీ లేదు. నీళ్లు అవే, పొయ్యి అదే. మా వాడు స్ట్రాతో ఆ గులాబీ నీళ్లలోకి ఊపిరి ఊదాడు, కొద్దిసేపటికి రంగు పోయింది. లోపలికి పీల్చకుండా నేను పక్కనే కూర్చున్నాను. మన ఊపిరిలో ఉన్న బొగ్గుపులుసు వాయువు మళ్లీ కలిసిందని వాడే చెప్పాడు.

నిమ్మ చుక్కల లెక్క మొదటిసారి కుదరలేదు. కాయ పిండితే ఒకసారి చుక్క, ఒకసారి ధార. తర్వాత కంటి మందు ఖాళీ సీసా కడిగి అందులో వడగట్టిన నిమ్మరసం పోసుకున్నాం. చిన్న చాయ్ గ్లాసుడు నీళ్లకు, రాత్రంతా ఉంచిన నల్లా నీళ్లు ఐదు చుక్కలకే గులాబీ అయ్యాయి. బోరు నీళ్లు పంతొమ్మిది చుక్కలకు. పన్నెండో చుక్క దగ్గర ఇక రంగు మారదేమో అనుకున్నాను. మూడుసార్లు చేశాం, పద్దెనిమిదికి తగ్గలేదు, ఇరవైకి పెరగలేదు.

అత్తమ్మ మంచం మీద కూర్చుని అంతా చూస్తూ ఉంది. పసుపు కాగితం సున్నంలో ఎర్రబడడం చూసి "ఇది ఎర్రనీళ్లే కదనే" అంది. నిజమే. పెళ్లికూతురికైనా, బాలింతకైనా దిష్టి తీయాలంటే పళ్లెంలో పసుపు నీళ్లు పోసి సున్నం కలిపితే ఎర్రగా అవుతాయి. యాభై ఏళ్లుగా ఊళ్లో ఎవరింట్లో శుభకార్యమైనా ఆ పళ్లెం ఆమే కలిపేది. మా వాడు ఆమె చేతికి నిమ్మ చెక్క ఇచ్చి పిండమన్నాడు. ఎర్రనీళ్లు మళ్లీ పసుపు అయ్యాయి. అట్లా తిరిగి రావడం ఆమె ఇన్నేళ్లలో చూడలేదట. ఇంకొంచెం సున్నం తెమ్మంది. మళ్లీ ఎరుపు. ఆ పూటంతా ఆమె అదే చేస్తూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో అంత ఆసక్తి చూశాను.

ఫ్లోరైడ్ గురించి మీరు రాసేదాని కోసం చూస్తుంటాం.

బత్తాయి తోట (నిడమనూరు వైపు)

చెల్లె, నేను కెమిస్ట్రీ చదువుకోలేదు. కానీ నీ నిమ్మ చుక్కల లెక్క చదివాక నా తోటలో జరిగింది ఇప్పుడు అర్థమైంది, అందుకే రాస్తున్నాను.

నాకు నాలుగు ఎకరాల బత్తాయి. మూడేళ్ల కింద లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. ఇనుము లోపం అన్నారు. మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ 8.4 వచ్చింది. మట్టిలో ఇనుము లేక కాదు, ఎర్ర నేల అంటేనే ఇనుము. క్షారం ఎక్కువైతే ఆ ఇనుము కరగకుండా గట్టిపడిపోయి వేరుకు అందదట.

సరే అని అన్నభేది, అంటే ఇనుము ఉన్న మందు (ఫెర్రస్ సల్ఫేట్) తెచ్చి, లీటరుకు ఐదు గ్రాముల చొప్పున డ్రమ్ములో బోరు నీళ్లలో కలిపాను. లేత ఆకుపచ్చగా ఉండాల్సిన మందు పది నిమిషాల్లో తుప్పు రంగుకు వచ్చింది, అడుగున బురదలా పేరింది. తెలియక అదే కొట్టాను. ఆకు మారలేదు, నాజిల్ పూడిపోయింది. డబ్బులు, కూలి రెండూ పోయాయి. తర్వాత పక్క ఊరి రైతు ఒకాయన చెప్పాడు, ముందు డ్రమ్ములో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వేసి కలిపి, ఆ తర్వాతే అన్నభేది వేయాలని. అట్లా చేస్తే మందు తేటగానే ఉంది. రెండు తడవలు కొట్టాక కొత్త చిగురు పచ్చగా వచ్చింది.

ఇన్నాళ్లూ నిమ్మ ఉప్పు ఏదో మందుకు బలం అనుకున్నాను. అది బోరు నీళ్ల క్షారాన్ని చంపడానికని ఇప్పుడు తెలిసింది. ల్యాబ్ తాతగారూ, నేను అనుకున్నది సరైనదేనా?

ల్యాబ్ తాత (నల్లగొండ)

నూటికి నూరుపాళ్లు సరైనదే. మీ డ్రమ్ము అడుగున పేరిన బురద ఇనుప హైడ్రాక్సైడ్. మట్టిలో జరుగుతున్నదే డ్రమ్ములో మీ కళ్ల ముందు జరిగింది. నిమ్మ ఉప్పు రెండు పనులు చేస్తుంది, క్షారాన్ని తగ్గిస్తుంది, ఇనుమును పట్టుకుని కరిగి ఉండేలా చూస్తుంది.

అమ్మా, మీ పంతొమ్మిది చుక్కలు, ఐదు చుక్కలు చూసి నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. అంటే మీ బోరు నీళ్ల క్షారత నల్లా నీళ్లకు నాలుగు రెట్లకు దగ్గరగా ఉంది. మూడుసార్లు చేసి సరిచూసుకున్నారు చూడండి, డిగ్రీ పిల్లలకు అది నేర్పడానికి నాకు ఏడాది పట్టేది.

ఇక ఫ్లోరైడ్. మందారం గానీ, పసుపు గానీ, ఫినాప్తలీన్ గానీ ఫ్లోరైడ్‌ను చూడలేవు. అవి చూసేది హైడ్రోజన్ అయాన్లనే. మీ గ్లాసులో ఆకుపచ్చ తెచ్చింది బైకార్బనేట్. అయితే ఆ రెండింటికీ చుట్టరికం ఉంది. మన గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దింపేస్తుంది. బైకార్బనేట్ ఎక్కువై క్షారం పెరిగిన చోట కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా నేలలో పేరిపోతుంది. పట్టుకునేది లేక ఫ్లోరైడ్ నీళ్లలో ఉండిపోతుంది. అందుకే మన దగ్గర క్షారపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం చూస్తాం. కానీ ఇది అనుమానించడానికి మాత్రమే పనికొస్తుంది. పీహెచ్ 8 ఉండి ఫ్లోరైడ్ తక్కువ ఉన్న బోర్లు ఉన్నాయి, 7.5 ఉండి ఎక్కువ ఉన్నవీ ఉన్నాయి. రంగు చూసి ఈ నీళ్లు మంచివి, ఇవి చెడ్డవి అని ఎప్పుడూ నిర్ణయించుకోకండి.

ఫ్లోరైడ్‌కు వేరే రంగు పరీక్ష ఉంది. జిర్కోనియం అనే లోహాన్ని ఒక రంగు పదార్థంతో కట్టి ఉంచుతారు, అప్పుడు అది ఎర్రగానో గులాబీగానో ఉంటుంది. ఫ్లోరైడ్ వస్తే ఆ జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, రంగు పసుపు వైపు తిరుగుతుంది. ఎంత తిరిగిందో చూసి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంచనా వేస్తారు. ఇందులో ముందే ఆమ్లం బాగా కలిపి ఉంచుతారు. ఎందుకంటే ఆ రంగు పదార్థాలు పీహెచ్‌కు కూడా మారతాయి. నీళ్ల క్షారాన్ని ముందుగా అణచకపోతే, ఆ మార్పు ఫ్లోరైడ్‌దా, బైకార్బనేట్‌దా తెలియదు. మీ వాడికి ఇది తప్పకుండా చెప్పండి, ఆమ్లాలు, క్షారాల పాఠం ఆ పాఠంతోనే అయిపోదని అర్థమవుతుంది.

నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీయడానికి మన జిల్లా పేరుతో ఉన్న నల్లగొండ టెక్నిక్ కూడా ఇదే కథ. 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి తుంపులుగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పటిక నీళ్లను ఆమ్లం వైపు లాగుతుంది, సున్నం వెనక్కి లాగుతుంది. తటస్థానికి దగ్గరగా ఉన్నప్పుడే ఆ తుంపులు బాగా పనిచేస్తాయి. ఎంత పటిక వేయాలో ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టే కాదు, నీళ్ల క్షారతను బట్టి కూడా లెక్కగడతారు. మీరు నిమ్మ చుక్కలతో కొలిచింది ఆ క్షారతనే. అయినా కొలత తెలియకుండా ఇంట్లో పటిక వేసి తాగకండి, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది.

చేయాల్సింది ఇది. లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి ఆ బోరు నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, బోరు కాసేపు నడిచాక నిండా పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. సీసా మీద ఊరు, బోరు, తేదీ రాసి నల్లగొండలో గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో ఇచ్చి, ఫ్లోరైడ్, క్షారత, పీహెచ్ మూడూ చూడమనండి. మన ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫలితం వచ్చేదాకా వంటకు కూడా బోరు నీళ్లు వద్దమ్మా. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీళ్లతో పాటు ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటాయి. నల్లా వచ్చిన రోజు రెండు బిందెలు వంటకని విడిగా పట్టి మూతపెట్టుకోండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలు తోమడానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు.

మందారచెట్టు (మర్రిగూడ దగ్గర)

సార్, ఈ రోజు పొద్దున్నే బోరు పది నిమిషాలు నడిపి సీసా పట్టాం. మా వాడు కాగితం మీద ఊరు పేరు, తేదీ రాసి, కింద "నిమ్మ చుక్కలు 19, మరిగించాక ఫినాప్తలీన్ లేత గులాబీ" అని కూడా రాసి అంటించాడు. ల్యాబ్ వాళ్లకు అది అక్కర్లేదని చెప్పినా వినలేదు, ఉంచనిచ్చాను. రేపు కుట్టు పనికి దారాలు, అస్తర్లు తేవడానికి ఎట్లాగూ నల్లగొండ పోతున్నాను, ఇచ్చి వస్తాను. నిన్నటి నుంచే వంటకు రెండు బిందెలు విడిగా పెట్టాం. వాటి మీద మూత జరగకుండా చూసే పని అత్తమ్మ తీసుకుంది.

అంకెలు రాగానే ఇక్కడే రాస్తాను.